ఏడు కిలోల సంసారం

ఆదివారాల్లో మా అపార్టుమెంటుకి వచ్చే పాత పేపర్ల అతని తరాజు కొక్కేనికి నా ట్రాలీ బ్యాగు తగిలించాను. లోపల చేతిరుమాలు కూడా లేదు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి 3.2 దగ్గర ఆగాయి.

"మూడూ రెండొందలు సార్. అమ్ముతరా?" అన్నాడు.

అమ్మడానికి కాదు. కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పది రోజులు ఉండి వెళ్ళమని టికెట్లు తీసి పంపింది. చవక విమానం. సామాను వేస్తే డబ్బు వేరే కట్టాలి. "ఎందుకు నాన్నా సామాను? ఇక్కడ వాషింగ్ మెషిన్ ఉంది, రెండు జతలు తెచ్చుకోండి చాలు" అంది. టికెట్ కాగితంలో కింద చిన్న అక్షరాల్లో ఉన్నది ఇది: చేతిసంచి ఒకటి, దానికి తోడు సీటు కిందికి దూరే చిన్న సంచి ఒకటి, రెండూ కలిపి 7 కిలోలు. పెద్దదాని కొలత 56, 36, 23 సెంటీమీటర్లు దాటకూడదు. చక్రాలు, పిడి, పక్క జేబులు అన్నీ ఆ కొలతలోకే వస్తాయి.

అంటే నా పెట్టె ఖాళీగా ఉండగానే ఇచ్చిన బరువులో దాదాపు సగం మింగేసింది. ముప్పై ఏళ్ళు ఆఫీసు టూర్లకి రైళ్ళలో తిరిగినవాణ్ణి, పెట్టెకి కూడా బరువు ఉంటుందని ఎప్పుడూ ఆలోచించలేదు. రైలు పెట్టె అంటే గట్టిదై ఉండాలి, సీటు కిందికి తోసి గొలుసు వేస్తే కదలకూడదు. అంతే మనకు తెలిసింది.

నిజానికి ఈ లెక్క మనకి కొత్తేమీ కాదు. బియ్యం బస్తాతో ఆర్టీసీ బస్సెక్కితే కండక్టరు "మనిషికి టికెట్ ఒకటి, బస్తాకి ఒకటి" అనేవాడు. చవక విమానం చేసేదీ అదే, కాకపోతే మరికాస్త విడగొట్టింది. సీటు వేరు, తిండి వేరు, కిటికీ పక్కన కూర్చోవడం వేరు, మూట వేరు. ఎయిర్‌బస్ ఎ320లో ఇలాంటి సంస్థలు మామూలుగా 180 సీట్లు వేస్తాయి. తలా 7 కిలోలైతే చేతిసంచులే 1,260 కిలోలు. ప్రతివాళ్ళూ "ఏముందిలే, ఇంకో మూడు కిలోలు" అనుకుంటే మరో 540. ఆ బరువుకి ఇంధనం కాలుతుంది. పైన అరల్లో చోటు చాలదు, సంచులు అటూ ఇటూ సర్దుతూ ఉంటే విమానం ఆలస్యమవుతుంది. నేల మీద నిలబడ్డ విమానం సంపాదించదు. ఇదంతా నాకు అర్థమైంది. మా ఆవిడకి మాత్రం ఒకటే ప్రశ్న: "మరి ఆవకాయ?"

కొత్త సంచి కోసం ఆబిడ్స్ వెళ్ళాం. కుట్టు మిషను దగ్గరుండే టేపు మా ఆవిడ చేతిసంచిలో వేసుకుంది. దుకాణంలో ట్రాలీలు రంగురంగుల్లో తళతళలాడుతూ వరసగా నిలబడి ఉన్నాయి. "సార్, ఇది పక్కా క్యాబిన్ సైజు. ఫ్లయిట్‌కి అందరూ ఇదే తీస్కపోతరు" అని ఒకటి ముందుకు తోశాడు కుర్రాడు. మీద 20 ఇంచులని చీటీ ఉంది. ఇరవై ఇంచులంటే 51 సెంటీమీటర్లు, హాయిగా సరిపోవాలి. మా ఆవిడ టేపు తీసి నేల నుంచి పైపిడి దాకా పట్టింది. 57! చీటీ మీద ఉన్నది పెట్టె ఒంటి కొలత మాత్రమే, కాళ్ళూ తలా అందులో లేవు. కుర్రాడు టేపు వంక చూసి, మా ఆవిడ వంక చూసి, "ఎవరూ కొలవరు ఆంటీ" అన్నాడు. మా ఆవిడ నవ్వి టేపు మళ్ళీ చుట్టింది.

మందంతోనూ చిక్కే. మన దేశంలో తిరిగే విమానాలకు ఎక్కువగా 55, 35, 25 చెల్లుతుంది. మాకు ఇచ్చింది 23. ఆ రెండు సెంటీమీటర్ల దగ్గర చాలా పెట్టెలు తప్పిపోయాయి. అందులోనూ చుట్టూ ఇంకో జిప్పు ఉండి, తీస్తే పొట్ట పెరిగే రకం వద్దే వద్దనిపించింది. ఆ జిప్పు ఉందంటే మన చేయి ఊరుకోదు. ఐర్లండ్‌లో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేసి నా గోడు చెప్పుకుంటే వాడు నవ్వాడు. అక్కడ కొన్ని చవక విమానాల్లో ఉచితంగా ఒప్పుకునేది 40, 30, 20 సంచి ఒక్కటేనట. "నీది రాజభోగం మామయ్యా" అన్నాడు.

చివరికి నేను నైలాను గుడ్డ సంచి తీసుకున్నాను. చక్రాల్లేవు, భుజానికి పట్టీ ఉంది, బరువు 650 గ్రాములు. మడిస్తే దిండు గలీబంత అవుతుంది. మా ఆవిడకి వీపు సంచి నచ్చింది, అది కిలో పైన వంద. "చీర కట్టుకుని బడిపిల్లలా అదేంటి?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తరవాత వారం మా వంటింటి కాటాకి తీరిక లేదు. పట్టుచీర 800 గ్రాములు, వాయిలు చీర అందులో సగం. నా జీన్సు ప్యాంటు 700, లుంగీ పావు కిలో. పదేళ్ళ కిందట అమ్మాయి బలవంతాన కొనిపెట్టిన ఆ జీన్సు బీరువాలోకి వెళ్ళిపోయింది, లుంగీలు రెండు లోపలికి వచ్చాయి. బూట్లు కాళ్ళకే. పవర్‌బ్యాంకు 400 గ్రాములు. దాన్ని సామానులో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి కాబట్టి దానికి మినహాయింపు లేదు. మందుల పెట్టెలో డబ్బాలు తీసేసి అట్టలు మాత్రం ఉంచాం. ఎండాకాలంలో కోటు తొడుక్కుని జేబుల నిండా ఛార్జర్లు కుక్కుదామని కూడా ఆలోచించాను. అద్దంలో ఒకసారి చూసుకుని విరమించుకున్నాను.

ఇక తినేవి. ఊరగాయ చేతిసంచిలో సాగదని అమ్మాయి ముందే చెప్పింది. 2006లో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు కూల్చే కుట్ర బయటపడ్డాక వచ్చిన నియమం ఇది: పల్చనిదీ, జారేదీ ఏదైనా వంద మిల్లీలీటర్లు దాటకూడదు. అందుకని పూతరేకులు తీసుకున్నాం. ఏడు కిలోల మనిషికి ఇంతకన్నా మంచి కానుక లేదు. ఆత్రేయపురం ఆడవాళ్ళు కాలుతున్న కుండ మీద పల్చటి బియ్యపు పిండిలో ముంచిన గుడ్డ ఇలా పరిచి అలా లాగితే వచ్చే రేకు, ఊదితే ఎగిరిపోయేది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పది పూతరేకుల డబ్బా అర కిలో కూడా లేదు. రెండు లుంగీల మడతల మధ్య పురిటిబిడ్డలా పడుకోబెట్టాను.

శంషాబాద్ కౌంటర్లో నా సంచి 7.4 చూపింది, మా ఆవిడది 6.5. "రెండూ కలిపితే పద్నాలుగు లోపే కదమ్మా" అన్నాను. "ఒక్కొక్కరిది విడిగా చూడాలి సర్" అంది కౌంటర్లోని అమ్మాయి మర్యాదగానే. వెనక వరసలో ఇరవై మంది చూస్తుండగా నేల మీద గొంతుక్కూర్చుని సంచి విప్పాను. లుంగీ, బనీన్లు, పూతరేకుల డబ్బా, ఏ దాపరికం లేదు. దారిలో చదవడానికి పెట్టుకున్న లావుపాటి నవల తీసి మా ఆవిడ సంచిలో వేశాం. 6.9, 7.0. పట్టీలకి చీటీలు కట్టి పంపారు.

తనిఖీ దగ్గర మా ఆవిడ సంచి పక్కకి వెళ్ళింది. నవల వల్లేమో అనుకున్నాను. తనిఖీ చేసే అతను అడుగు నుంచి స్టీలు డబ్బా తీశాడు. నాకు తెలియదు, ప్రమాణంగా తెలియదు.

"ఇదేంటమ్మా?"

"ఆవకాయ. కొంచెమే. నీళ్ళు కాదు కదా బాబూ, కాయ."

అతను డబ్బా వంచాడు. మూత అంచు వెంట ఎర్రటి నూనె మెల్లగా పాకింది. అతనూ తెలుగువాడే. తల అడ్డంగా ఊపాడు తప్ప ఒక్క మాట తూలలేదు. మా ఆవిడ మూత తీసి ఒకసారి వాసన చూసుకుంది. ఊరగాయ పక్కనున్న చెత్తడబ్బాలో వేసి, ఖాళీ స్టీలు డబ్బా రుమాలులో చుట్టి లోపల పెట్టుకుంది. విమానం ఎక్కేదాకా నాతో మాట్లాడలేదు, అది నేను చేసిన నియమమైనట్టు.

కౌలాలంపూర్‌లో దిగింది రెండో టెర్మినల్. చవక విమానాల కోసమే కట్టి 2014లో తెరిచారు. చాలా పెద్దది. ఆకాశంలో వంతెనలా ఉన్న దారి ఎక్కి, దిగి, బజారులాంటి దుకాణాల మధ్య నడుస్తూనే ఉన్నాం. దుకాణంలో రెండు కిలోలు మిగిల్చానని మురిసిన నా చక్రాల్లేని సంచి ఇప్పుడు కుడిభుజం కోస్తోంది. ఎడమకి మార్చాను, మళ్ళీ కుడికి. మా ఆవిడ బడిపిల్లలా చేతులూపుకుంటూ పది అడుగులు ముందు నడుస్తోంది. ఒకసారి వెనక్కి తిరిగి, "ఇవ్వండి, పోనీ నేను తీసుకుంటాను" అంది. ఇవ్వలేదు. అరవై దాటినవాళ్ళు ఎవరైనా అడిగితే వీపు సంచే కొనమంటాను, బరువు రెండు భుజాలకీ సమంగా పడుతుంది. మా ఆవిడ దగ్గర మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

పూతరేకుల్లో రెండు అంచులు విరిగాయి, మిగతావి క్షేమం. అమ్మాయి పక్క ఫ్లాట్‌లో ఒక తెలుగు అవ్వ ఉంది. తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వెళ్ళిన కుటుంబం. మలయ్ యాసలో సాగే ఆమె తెలుగు వింటుంటే ముచ్చటేసింది. పూతరేకు వెలుగుకి ఎత్తిపట్టుకుని, "కాయితం పెడతావా నాకు?" అంది. నోట్లో వేసుకున్నాక ఇంకేం అనలేదు, ఇంకోటి తీసుకుంది. బదులుగా తెల్ల కాఫీ పొడి పొట్లాలు రెండు ఇచ్చింది. ఒక్కొక్కటి 600 గ్రాములు. పుచ్చుకుంటూనే మనసులో కూడేశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆ కాఫీ కోసం నా చెప్పులు, ఒక లుంగీ అమ్మాయి ఇంట్లో వదిలేశాను. నవలా అక్కడే ఉంది, సగమైనా చదవలేదు. ఈసారి ఇద్దరివీ ఏడు లోపే వచ్చాయి.

తరవాతి ఆదివారం పేపర్ల అతను మళ్ళీ వచ్చాడు. కాగితాలు తూచి డబ్బులిచ్చి, "సార్, ఆ పెట్టె?" అన్నాడు. నేను లోపలికి తొంగిచూశాను. మా ఆవిడ దాన్ని అటక మీద పెట్టేసింది. లోపల బొమ్మలకొలువు బొమ్మలు సర్దిందట. "గట్టి పెట్టె, ఎందుకమ్ముతాం?" అంది వంటింట్లోంచి.