దారి ఆగిన చోట

టొరాంటోలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వద్దకు వెళ్ళినప్పుడు, మేము చూడాలనుకున్నది నయాగరా జలపాతం. “అబ్బా! దానికంటే ముందు మిమ్మల్ని మరొక చోటికి తీసుకెళ్తాను. దారి మాత్రం దూరం” అన్నాడు. దూరమంటే దాదాపు 1,400 కిలోమీటర్లు. రెండు రోజులు కారులో ప్రయాణించి థండర్ బే నగరం చేరుకున్నాము.

ప్రయాణంలో కొంత భాగం ఎడమవైపు సుపీరియర్ సరస్సు తోడుగా ఉంది. విస్తీర్ణంలో ప్రపంచపు మంచినీటి సరస్సులన్నిటిలోకీ అదే పెద్దది. ఆవలి గట్టు కనిపించదు. కుడివైపు రాతి గుట్టలు, దట్టమైన అడవులు. ఊరికీ ఊరికీ మధ్య గంటల దూరం. ఒడ్డున ఆగి, ఆ చల్లని నీటితో వుజూ చేసుకుని, జుహర్ నమాజు ఖస్ర్ చేసుకున్నాము. కారులో కూర్చున్నందుకే మా నడుములు పట్టేశాయి. ఇదే దారిన 1980లో ఒక యువకుడు కృత్రిమ కాలితో పరుగెత్తాడు.

అతని పేరు టెర్రీ ఫాక్స్. 1958లో జన్మించాడు. పసిఫిక్ తీరానికి చేరువలోని పోర్ట్ కోక్విట్లంలో పెరిగాడు. 18వ ఏట ఎముక క్యాన్సర్ బయటపడింది. 1977లో కుడికాలిని మోకాలికి పైన తొలగించారు. ఆ తర్వాత 16 నెలల చికిత్స. ఆ రోజుల్లోనే, తనకంటే చిన్నపిల్లలు అదే వ్యాధితో పడుతున్న యాతనను కళ్ళారా చూశాడు. తాను కోలుకున్నాక వారిని మరచిపోవడం అతనికి సాధ్యం కాలేదు. దేశం ఒక కొస నుండి మరో కొసకు పరుగెత్తి, క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు సేకరించాలని సంకల్పించాడు.

1980 ఏప్రిల్ 12న తూర్పు కొసనున్న సెయింట్ జాన్స్‌లో, కృత్రిమ పాదాన్ని అట్లాంటిక్ నీటిలో తడిపి బయలుదేరాడు. రోజుకు సుమారు 42 కిలోమీటర్లు. మంచి కాలితో రెండు గెంతులు, కృత్రిమ కాలితో ఒక అడుగు. కాలు తొలగించిన చోట పుండ్లు పడి రక్తం కారేది. తొలి రోజుల్లో అతన్ని గుర్తించినవారు తక్కువే. అయితే పోర్ట్ ఓ బాస్క్ అనే ఊరిలో, సుమారు 10,000 మంది ఉన్నచోట, 10,000 డాలర్లకు పైగా పోగయ్యాయి. మనిషికొక డాలరు! తరువాత దేశమంతటి నుండీ అతను కోరింది కూడా అంతే. తన పేరుతో సరుకులు అమ్ముకోజూసిన సంస్థలకు మాత్రం సమ్మతించలేదు. ప్రజలిచ్చిన సొమ్మును అమానతుగానే చూశాడు.

సెప్టెంబరు 1న థండర్ బే సమీపంలో దగ్గు ముంచుకొచ్చింది, ఛాతీలో నొప్పి మొదలైంది. రోడ్డు పక్కన నిలబడిన జనం ఉత్సాహపరుస్తున్నారు. వారి ముందు ఆగలేక, జనం కనుమరుగయ్యేదాకా పరుగెత్తాడు. ఆ తర్వాతే వ్యాన్ ఎక్కి, ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. అప్పటికి 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పూర్తయ్యాయి. పసిఫిక్ తీరం ఇంకా ఎంతో దూరాన ఉండిపోయింది. 1981 జూన్ 28న, 22 ఏళ్ళ వయసులో అతను కన్నుమూశాడు.

మరుసటి ఉదయం మేము ఆ చోటికి దగ్గరలోని గుట్ట ఎక్కాము. అక్కడ అతని కంచు విగ్రహం ఉంది. మా చూపు దానిమీద కంటే, కింద పడమరకు సాగిపోతున్న రహదారి మీదనే నిలిచింది. అతను మన ధర్మానికి చెందినవాడు కాడు. అయినా మేలు ఎవరిలో కనిపించినా మేలని ఒప్పుకోవడమే న్యాయం. అతను బతికుండగానే, 1981 ఫిబ్రవరి నాటికి, విరాళాలు 2.4 కోట్ల డాలర్లు దాటాయి. నాటి కెనడా జనాభా కూడా అంతే. అదే ఏడాది సెప్టెంబరులో అతని పేరిట మొదలైన వార్షిక పరుగు అనేక దేశాలకు వ్యాపించింది. మనవారెందరో పనిచేసే దుబాయ్, అబూధాబీలలో కూడా జరిగింది.

అక్కడ నిలబడినప్పుడు మాకు మా ఆపా గుర్తుకు వచ్చారు. రొమ్ములో గడ్డను ఆమె ఎనిమిది నెలలు దాచారు. నలుగురికీ తెలిస్తే కూతురికి సంబంధాలు రావని ఆమె భయం. తెలిసిన తరువాత మేము కూడా “ఆ జబ్బు” అన్నామే తప్ప, దాని పేరు పలకలేదు. వైద్యం ఆరంభమయ్యేసరికి ఆలస్యమైంది. ఆయుష్షు అల్లాహ్ చేతిలోనిది, నిజమే. కానీ చికిత్స చేయించుకోమన్నది కూడా దైవప్రవక్త (స) బోధనే కదా! ఒకరు తన వ్యాధిని ఊరూరా చెప్పుకుంటూ పరుగెత్తి ఇతరుల ప్రాణాలకు తోడ్పడ్డాడు. మేము ఇంట్లోనే దాచిపెట్టుకుని సొంత మనిషిని పోగొట్టుకున్నాము.

అక్కడ ఉదయమైతే మన దగ్గర మగ్రిబ్ వేళ. మా ఇంటావిడ గుట్టమీది నుండే ఆపా కూతురికి ఫోను చేసింది. కుశల ప్రశ్నలయ్యాక మెల్లగా అడిగింది: “బేటీ, నీకు నలభై దాటాయి. క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నావా?”

ఆ మాట మా ఇంట పైకి పలకడం అదే మొదటిసారి. అవతల కొంతసేపు నిశ్శబ్దం. తరువాత, “లేదు ముమానీ. ఈ వారమే వెళ్తాను, ఇన్షా అల్లాహ్” అన్న జవాబు వినిపించింది.