విమానం చూడబోయిన పిల్లలు
(దేవరయాంజాల్ ముచ్చట్లు – 17)

పోయిన ఆదివారం ఒక హాస్టల్‌ల పిల్లలతోని మాట్లాడిన. మీటింగ్ అయినంక చాయ్ తాగుతుంటే పీజీ చదివే ఒక చెల్లె దగ్గరికొచ్చింది. నా ఫోన్ కవర్ మీద ‘అటాక్ ఆన్ టైటన్’ బొమ్మ ఉంటది. అది చూపించి అడిగింది: “అన్నా, మన సినిమాల హీరో పిల్ల వెంటపడితే పెద్ద పోస్టు రాస్తవు. మనుషుల్ని నమిలి మింగే బొమ్మల్ని మాత్రం కవర్ మీద పెట్టుకుంటవు. జపాన్‌ది అయితే మాఫీ ఉంటదా?”

నవ్విన గానీ జవాబు చెప్పలేకపోయిన. బస్సుల కూసున్నంక కూడా ఆ మాట వదల్లే. ఈ వారం భూముల గురించి రాస్తనన్న, అది వచ్చే వారం. ఇయ్యాల చెల్లెకు జవాబు. కథ చివరిదాకా చెప్తున్న, చూడనోళ్ళు చూసినంకనే చదవండ్రి.

మా ఊరు తెలువనోళ్ళకు రెండు ముక్కలు. షామీర్‌పేట దిక్కు, హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌కు దగ్గర. సీతారామచంద్రస్వామి గుడి ఉంటది. గుడి పేరు మీద ఉన్న 1,521 ఎకరాల ఆక్రమణల మీద 2021 మేల సర్కారు ఐఏఎస్‌ల కమిటీ వేసింది, అప్పుడు టీవీల మా ఊరి పేరు మస్తు వినపడ్డది. ఒకప్పుడు మా అమ్మ నాట్లేసిన దిక్కు ఇప్పుడు గోదాములున్నయి. డిగ్రీ అయినంక ఉద్యోగం రాక రెండేండ్లు నేను అట్ల ఒక గోదాముల రాత్రి డ్యూటీ చేసిన. లారీ లారీకి నడుమ ఖాళీ దొరికేది. మా అక్క కొడుకు ఫోన్‌ల అనిమే ఎక్కించి ఇచ్చేటోడు. “మామా, ఇది చూడు, నిద్ర రాదు” అనేటోడు. నిజంగనే రాలే.

‘అటాక్ ఆన్ టైటన్’ రాసింది హాజిమె ఇసాయామ. 2009ల మంగాగ మొదలుపెట్టి 2021ల ముగించిండు. అనిమే 2013 నుంచి 2023 దాకా వచ్చింది. మొదట్ల అది గోడల నడుమ బతికే మనుషులు, గోడల అవుతల మనుషుల్ని తినే టైటన్లు, అంతే. పిల్లల కథే అనుకున్న. మూడో సీజన్ చివరికొచ్చేసరికి అసలు సంగతి తెలుస్తది. ఆ టైటన్లు రాక్షసులు కాదు. ఎల్డియన్లు అనే జాతి మనుషులనే పట్టుకొచ్చి, సూది ఇచ్చి, అట్ల చేసి గోడల దిక్కు వదిలిండ్రు. గోడల లోపల ఉన్నోళ్ళూ అదే జాతి. అంటే ఇన్నేండ్లు వీళ్ళను తిన్నది వీళ్ళ మనుషులే.

సముద్రం అవుతల మార్లే దేశంల మిగిలిన ఎల్డియన్లకు ఒక వాడ ఉంటది. చుట్టూ గోడ, చేతికి పట్టీ. కాయితం లేకుంట బయటికి పోవద్దు. గ్రిషా అనే పిలగాడు ఒకరోజు గాలి ఓడ చూపిస్తనని చెల్లె చెయ్యి పట్టుకొని గోడ దాటుతడు. అధికారులకు దొరుకుతరు. పిలగాన్ని కొడతరు. చెల్లెను ఇంటికి పంపుతమని తీస్కపోయి కుక్కలకు వేస్తరు. తెల్లారి శవం దొరుకుతది. అధికారి ఇంటికొచ్చి అబద్ధం చెప్తుంటే, పిల్ల తండ్రి కోపం మింగి వంగి మాట్లాడుతడు, తప్పు మాదేనంటడు.

ఆ రాత్రి నేను ఫోన్ బంద్ చేసి గోదాము బయట చానసేపు నిలబడ్డ.

అక్కకు పన్నెండు, నాకు తొమ్మిదేండ్లప్పుడు, హకీంపేట దిక్కు విమానాలు దిగుతుంటే దగ్గరినుంచి చూడాలని మాకు మా పిచ్చి ఉండె. ఊర్లె ఒక పెద్దాయన తోటల బావి గట్టు ఎత్తుగ ఉండేది. అక్కడికెక్కితే మంచిగ కనపడతదని అక్క నన్ను తీస్కపోయింది. తోట కావలోడు చూసిండు. మా కులం పేరు పెట్టి తిట్టిండు, కుక్కను ఉసిగొల్పిండు. నేను ఉరికిన. అక్క నా వెనక ఆగింది. పిక్క పట్టుకున్నది కుక్క. సర్కారు దవాఖానల బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు వేసిండ్రు.

ఆ సాయంత్రం నాయిన ఆ పెద్దాయన గేటు బయట నిలబడ్డడు. భుజం మీది తువ్వాల తీసి నడుముకు కట్టుకున్నడు. “పిల్లలు తెలువక వచ్చిండ్రు దొరా” అన్నడు. కుక్క కరిచింది మమ్మల్ని, మాఫీ అడిగింది మా నాయిన. ఇరవై ఏండ్లు నేను నాయినను లోపల లోపల తిట్టుకుంటనే ఉన్న. గ్రిషా తండ్రి వంగుడు చూసినంకనే, నాయిన వంగింది మిగిలిన ఇద్దర్ని కాపాడుకోనీకి అని అర్థమైంది. నాయిన పోయి అప్పటికి నాలుగేండ్లు.

ఇది ఇష్టానికి కారణం. ఇగ కోపాలు చెప్త.

మొదటిది రక్తం. చేతిపట్టీలు, వాడలు చూపించి నాజీలు యూదులను పెట్టిన తీరు యాదికి తెస్తడు ఇసాయామ. గానీ ఆ కథల ఎల్డియన్ల రక్తంల టైటన్ అయ్యే గుణం నిజంగనే ఉంటది. వాళ్ళ పూర్వీకులు నిజంగనే ప్రపంచాన్ని ఏలి ఉంటరు. అంటే అణిచేటోని భయానికి కథే సాక్ష్యం పలుకుతది. బయట గట్ల ఉండదు. యూదుల రక్తంల ఏం లేకుండె, మా రక్తంల ఏం లేదు. అంబేడ్కర్ 1936ల ‘కుల నిర్మూలన’ల రక్తం వాదనను పక్కకు నెట్టిండు, పంజాబ్ బ్రాహ్మడూ పంజాబ్ చమారూ జాతిగ ఒక్కటే అని చూపించిండు. ఇసాయామ దగ్గర ఈ ఒక్క ముక్క లేదు.

రెండోది యిమిర్. మొదటి టైటన్ ఆమెనే, ఒక బానిస పిల్ల. రాజు ఆమెతోని యుద్ధాలు చేయిస్తడు, పిల్లల్ని కనిపిస్తడు. చచ్చినంక రెండువేల ఏండ్లు కూడా ఆమె చాకిరి ఆగదు. అక్కడిదాక మన అవ్వల కథే. చివరికొచ్చి, ఆమె ఆ రాజును ప్రేమించింది కాబట్టే విడిపించుకోలేకపోయింది అంటడు. చెల్లె, ఆ ఎపిసోడ్ చూసి నేను ఫోన్ గోడకు కొట్టబోయిన. దొర గడీల ఆడపిల్లకు దొర మీద ప్రేమ అని రాస్తే మనం ఊకుంటమా?

మూడోది ఎరెన్. దాని సంగతి మా అల్లుడు చెప్పిండు.

వానికి పదిహేడు. కాలేజిల ఒకడు “మీకు చదువకున్నా సీటొస్తది గద” అన్నడంట, పక్కనోళ్ళు నవ్విండ్రంట. ఇంటికొచ్చి అన్నం తినలే. రాత్రి స్టేటస్‌ల ఎరెన్ బొమ్మ పెట్టిండు. ఎరెన్ గోడలల్ల దాచిన టైటన్లను లేపి, దీవి బయట ఉన్న మనుషుల్ల నూటికి ఎనభై మందిని తొక్కిస్తడు. “మామా, ఎరెనే కరెక్టు. అడుగుడు బంద్, తొక్కుడే” అన్నడు.

ఉపన్యాసం నోటిదాకా వచ్చింది, ఆపుకున్న. వాని కోపం తప్పని చెప్పే హక్కు నాకు లేదు, పద్నాలుగు సూదుల లెక్క నా దగ్గర ఉన్నది. అందుకే కథల నుంచే మాట్లాడిన. “అంతమందిని తొక్కినంక దీవికి ఏమైందిరా? అనిమే ఆఖర్ల పేర్లు పడుతుంటే చూడలేదా, ఎన్నో ఏండ్లకు ఆ దీవి మీద కూడా బాంబులే పడ్డయి. ఎరెన్‌ను ఆపింది ఎవరు? వాని దోస్తులే” అన్న. మంగా ముగింపుల ఆర్మిన్ ఎరెన్‌కు కృతజ్ఞత చెప్పిన తీరు చానమందికి నచ్చలే. అనిమేల ఆ మాటలు మార్చి, ఆ పాపంల తనకూ భాగం ఉందని ఆర్మిన్ ఒప్పుకునేటట్టు చేసిండ్రు. రాసినోడే దిద్దుకున్న చోట మనం ఆగిపోవుడు ఎందుకు?

వాడు ఊకోలే. “మరి ఏం జెయ్యాలె మామా, తాతలెక్క వంగాల్నా?”

అప్పుడు జపాన్‌దే ఇంకో కథ చెప్పిన. అక్కడ కూడా తోలు పని, కోత పని చేసేటోళ్ళను పుట్టుకతోని అంటరానోళ్ళను చేసిండ్రు. 1871ల సర్కారు కాయితం మీద ఆ భేదం తీసేసింది గానీ ఊర్లల్ల పోలే. బురాకు అని వాళ్ళ వాడల పేరు. వాళ్ళు 1922 మార్చి 3న క్యోటోల ‘సుయ్‌హెయ్‌షా’ పెట్టిండ్రు, అందరూ ఒకే మట్టం అనే అర్థం వచ్చే పేరు. ఐదేండ్లకు, 1927 మార్చి 20న, మహద్‌ల అంబేడ్కర్ చెరువు నీళ్ళు తాగిండు. వీళ్ళెవ్వరూ వంగలే, ఎవ్వరినీ తొక్కలే. 1964ల షిరాతొ సాంపెయ్ ‘గారో’ పత్రికల మొదలుపెట్టిన ‘కాముయ్’ మంగాల హీరో గసొంటి వాడల పుట్టినోడే. దాంట్ల కూడా కత్తులు, రక్తం మస్తు. ఆ కాలం జపాన్ విద్యార్థులు ఉద్యమాల నడుమ దాన్ని చదివిండ్రు. గానీ దాంట్ల దెబ్బలకు భూమి, పన్ను, కులం అనే కారణం కనపడతది. నేను హింస ఉన్న కథను తూచేది ఆ కారణంతోనే.

‘చైన్‌సా మ్యాన్’ల డెంజి కూడా అందుకే ఇష్టం. తండ్రి చేసిన అప్పుకు కిడ్నీ అమ్ముతడు, కన్ను అమ్ముతడు, జామ్ రాసిన బ్రెడ్డు కోసం కలలు కంటడు. మన భాషల వాడు జీతగాడు. 1976 చట్టం వచ్చినంక కూడా మా నాయిన ఉన్నట్టు. ఆ రచయితకు ఆడోళ్ళ ఒంటి మీద ఉన్న చూపు మాత్రం చీదర పుట్టిస్తది, దాన్ని కూడా ఇక్కడ్నే రాసుకుంటున్న.

మా ముచ్చట వింటూ అక్క కంది పప్పు ఏరుతున్నది. ఆమె ఎన్నడూ అనిమే చూడలే. అల్లునికి కుక్క సంగతి కూడా ఎన్నడూ చెప్పలే. ఆ రాత్రి నేను చెప్పిన. వాడు తల్లి పిక్క దిక్కు చూసిండు, అక్క చీర కిందికి గుంజుకున్నది. “ఆ బొమ్మల కథల పిల్ల బతికిందారా?” అని అడిగింది నన్ను.

“లేదక్కా.”

“నేను బతికిన గద. గా రాసినాయన ఈ పిల్లను కూడా రాస్తే ఏమైతుండె” అన్నది. వాడు లేచి పోయి అన్నం పెట్టుకున్నడు. స్టేటస్ ఆ రాత్రి తీయలే, రెండు రోజులకు తీసిండు. ఎందుకని నేను అడగలే.

చెల్లె, జపాన్‌దైతే మాఫీ లేదు. యిమిర్ మీద, రక్తం మీద నా కోపం పైన రాసిన. సినిమా పోస్టులల్ల నేను చాతనైనంత తిట్టి, ఎందుకు నచ్చిందో దాచుకున్న, అది నా తప్పు. కవర్ తీయను. దాని మీద ఉన్నది ఎరెన్ కాదు, గాలి ఓడ దిక్కు చూస్తున్న ఆ అన్నాచెల్లెళ్ళు. నువ్వు దగ్గరినుంచి చూడలే. ఈసారి వస్తే చూపిస్త.

వచ్చే వారం భూములు.

జై భీమ్.