మిస్‌ఫైర్

"ఒరేయ్, నువ్వు మెకానికలే కదా?" అని మా అన్న కాలిఫోర్నియా నుంచి మెసేజ్ పెడితే వాషింగ్ మెషిన్ ఏదో పాడైందనుకున్నా. మన బ్రాంచి వాళ్ళకి ఈ బాధ తెలిసిందే. ఇంట్లో ఏది తిరక్కపోయినా మనల్నే పిలుస్తారు, ఫ్యాన్ అయితే ట్రిపుల్‌ఈ వాళ్ళని అడగండి అంటే ఫీజు దండగ అంటారు. కానీ ఈసారి అన్న పంపినవి మూడు పిస్టళ్ళ ఫోటోలు. కింద ఒక లైను: "వీటిలో ఏది మంచిదో చూసి చెప్పు. చిన్నది కావాలి. మీ వదిన చేతికి కూడా పట్టాలి."

అన్నంటే మా పెద్దనాన్న కొడుకు. ఆయన అమెరికా వెళ్ళేటప్పటికి నేను మూడో క్లాసు. హెచ్1బీ మీద ఏళ్ళకేళ్ళు ఈదిన తర్వాత గ్రీన్ కార్డు చేతికొచ్చింది. బే ఏరియాలో ఇల్లు, నాలుగేళ్ళ పాప. పోయిన దీపావళికి ముందు ఒక శనివారం ముగ్గురూ భోజనానికి బయటికెళ్ళి వచ్చేసరికి వెనక అద్దం తలుపు పగిలి ఉంది. వదిన పెళ్ళి నగలు, పాపకి మా నానమ్మ చేయించిన మొలతాడుతో సహా పోయాయి. మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని అక్కడి దొంగలకి కూడా బాగా తెలుసట. అప్పట్నుంచి అన్నకి నిద్ర లేదు. చిన్న చప్పుడైనా లేచి కూర్చుంటున్నాడు.

నాకు మిడ్స్ నడుస్తున్నాయి. అయినా ఆ రాత్రి హీట్ ట్రాన్స్‌ఫర్ పక్కన పెట్టి పిస్టళ్ళ గురించి చదువుతూ కూర్చున్నా. నిజం ఒప్పుకోవాలి, చాలా ఉత్సాహంగా చదివా. 2018లో సిగ్ సావర్ వాళ్ళు పీ365 అని ఒకటి తెచ్చారు. బరువు అర కిలో. మందం ఒక్క అంగుళం. బ్యారెల్ మూడు అంగుళాల పైన కొంచెం. అంత చిన్నదాంట్లో 9 ఎంఎం గుళ్ళు పది, ఛాంబర్‌లో ఇంకొకటి. అంతకుముందు ఆ సైజులో వచ్చేవాటిలో సాధారణంగా ఆరేడు గుళ్ళే పట్టేవి. మాగజైన్‌లో గుళ్ళని కింద రెండు వరసలుగా పేర్చి, పైకొచ్చేసరికి ఒక వరసకి ఎలా తెచ్చారో చూస్తుంటే ఒక డిజైన్ ప్రాజెక్టు చూసినట్టే ఉంది. మిగతా కంపెనీలన్నీ ఆ వెనకే పరిగెత్తాయి.

కానీ కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు ఐదేళ్ళకి పైగా దాన్ని ఫోటోల్లో చూసుకోవాల్సి వచ్చింది. అసలు కథ ఇక్కడే.

ఆ రాష్ట్రంలో ఏ చేతి తుపాకీ పడితే ఆ తుపాకీ షాపులో అమ్మకూడదు. ప్రభుత్వం దగ్గర ఒక రోస్టర్ ఉంటుంది. రోస్టర్ అంటే మనకి రిజర్వేషన్ పాయింట్లు గుర్తొస్తాయి గానీ, ఇది అమ్మదగిన తుపాకుల జాబితా. 1999లో చట్టం చేశారు, 2001 జనవరి నుంచి అమలు. ఒక మోడల్ అందులోకి ఎక్కాలంటే మూడు తుపాకులు ల్యాబ్‌కి ఇవ్వాలి. ఒక్కోదానితో 600 రౌండ్లు కాలుస్తారు. మొదటి ఇరవైలో ఒక్క ఇబ్బంది కూడా రాకూడదు, మొత్తంలో ఆరు దాటకూడదు. తర్వాత మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద ఆరు రకాలుగా పడేస్తారు. పేలకూడదు. ఇంతవరకూ ఎవరికీ పేచీ ఉండక్కర్లేదు, మన ఇంటి ప్రెషర్ కుక్కర్‌కి కూడా ఐఎస్ఐ ముద్ర అడుగుతాం కదా.

2007 నుంచి కొత్తగా చేరే సెమీ ఆటోమేటిక్ పిస్టళ్ళకి ఇంకో రెండు కావాలన్నారు. ఒకటి, ఛాంబర్‌లో గుండు ఉంటే పైకి కనిపించే గుర్తు. అది ఎలా ఉండాలంటే, మాన్యువల్ చూడకుండానే మామూలు మనిషికి అర్థమవ్వాలి. రెండోది, మాగజైన్ డిస్‌కనెక్ట్. మాగజైన్ బయటికి తీస్తే ట్రిగ్గర్ నొక్కినా పేలదు. ఇదేం కొత్త కనిపెట్టుడు కాదు, 1935 నాటి బ్రౌనింగ్ హైపవర్‌లోనే ఉంది. ట్రిగ్గర్ బరువుగా ఉంటుందని దాన్ని పీకేయించుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఆ తర్వాత వచ్చింది మైక్రోస్టాంపింగ్. కాల్చినప్పుడు ఫైరింగ్ పిన్ ఖాళీ తూటా మీద ఆ తుపాకీ మోడలు, సీరియల్ నంబరు అచ్చు గుద్దాలి. 2007లో చట్టం, 2013లో అమల్లోకి తెచ్చారు. సినిమాలో అయితే క్లూస్ టీమ్‌కి పండగ. కానీ అలాంటి పిస్టల్ ఒక్క కంపెనీ కూడా అమ్మకానికి తయారు చెయ్యలేదు. దాంతో పదేళ్ళ పాటు ఒక్క కొత్త మోడల్ సెమీ ఆటోమేటిక్ కూడా జాబితాలో చేరలేదు. పాతవి మాత్రం ఏటా ఫీజు కట్టుకుంటూ ఉండొచ్చు. గ్లాక్ 2010లో నాలుగో తరం, 2017లో ఐదో తరం తెచ్చింది, కాలిఫోర్నియా షాపులో మాత్రం మూడో తరమే. నాకు తమాషాగా అనిపించిందేంటంటే, భద్రత కోసం పెట్టిన రూలు వల్ల ఆ రెండు భద్రతా భాగాలూ లేని పాత మోడళ్ళు అమ్ముడవుతూ వచ్చాయి. లేని పార్టుని టెండర్‌లో రాస్తే ఏమవుతుందో అదే అయింది.

2023 మార్చిలో ఒక ఫెడరల్ జడ్జి ఈ మూడు షరతుల్నీ ఆపేశాడు. రాష్ట్రం పైకోర్టుకి వెళ్ళి మొదటి రెండింటిని నిలబెట్టుకుంది, మైక్రోస్టాంపింగ్ మీద మాత్రం అప్పీలుకి పోలేదు. అడ్డం తొలగింది. కంపెనీలు ఛాంబర్ గుర్తు, మాగజైన్ డిస్‌కనెక్ట్ పెట్టి కాలిఫోర్నియా కోసం ప్రత్యేకంగా మోడళ్ళు తెచ్చాయి. అన్న పంపిన మూడు ఫోటోల్లో ఒకటి అలా వచ్చిన పీ365.

ఇదంతా రాసుకుని, బొమ్మలు కూడా గీసి, అన్నకి పెద్ద మెసేజ్ పెట్టా. పీ365కే ఓటేశా. "ఆ రెండు భాగాలూ ఉన్నాయి, ఇంట్లో పాప ఉంది కాబట్టి ఇదే బెటర్" అని ఎక్స్‌పర్ట్ లాగా రాశా. అన్న దండం బొమ్మ పెట్టాడు.

మరుసటి ఆదివారం ఇంటికెళ్ళా. మా నాన్న ఏఆర్‌లో హెడ్ కానిస్టేబుల్. పదేళ్ళకి పైగా గన్‌మెన్‌గా చేశాడు. తుపాకుల గురించి నాన్నతో మాట్లాడదామని సరదాగా బొమ్మలు చూపించా. ఛాంబర్ గుర్తు దగ్గర ఏమీ అనలేదు. మాగజైన్ డిస్‌కనెక్ట్ బొమ్మ దగ్గర ఆగి, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని పెద్దది చేసి చూశాడు.

"ఇది ఉండుంటే మీ మామ కాలు బాగుండేది" అన్నాడు.

మేం పోలీస్ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు పక్కింట్లో ఉండే ఆయన్ని నేను మామ అనేవాణ్ణి. బంధువు కాదు, క్వార్టర్స్ వరసలు. నాకప్పుడు ఆరేళ్ళు. మామ వరండాలో నేనూ వాళ్ళబ్బాయి క్యారమ్స్ ఆడుతున్నాం. లోపల్నుంచి ఒక చప్పుడు. దీపావళి టపాకాయ చప్పుడు కాదు, ఇంకా పొట్టిగా, గోడలు ఊగినట్టు. తర్వాత అత్త అరుపు. నాకు బాగా గుర్తున్నది మాత్రం స్ట్రైకర్. అది బోర్డు మీంచి కిందపడి దొర్లుకుంటూ మెట్లు దిగిపోయింది, నేను దాని వెనకే పోయాను.

మామ డ్యూటీ దిగి వచ్చి పిస్టల్ తుడుచుకోబోయాడు. మాగజైన్ తీసి మంచం మీద పెట్టాడు. మాగజైన్ తీశాం కాబట్టి ఖాళీ. ఛాంబర్‌లో ఒకటి ఉండిపోయింది. తొడలోంచి దూరి తలుపు చెక్కలో ఆగింది. ఆ తలుపుకి ఇవతల మేం.

మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వచ్చింది: గన్ మిస్‌ఫైర్, కానిస్టేబుల్‌కు గాయాలు. ఆ మాట నాన్నకి ఇప్పటికీ పడదు. మనకి ఐసీ ఇంజన్స్ ల్యాబ్‌లో చెప్పారుగా, మిస్‌ఫైర్ అంటే సిలిండర్‌లో మంట అంటుకోకపోవడం. తుపాకీకైనా అంతే, పిన్ను కొట్టినా గుండు పేలకపోవడం. మామ పిస్టల్ చెయ్యాల్సిన పని చక్కగా చేసింది. పేలమంటే పేలింది. కానీ మన పేపర్లలో ప్రతిసారీ తుపాకీయే మిస్‌ఫైర్ అవుతుంది, మనిషి ఎప్పుడూ అవ్వడు.

"మరి మీ డిపార్ట్‌మెంట్‌లో ఇలాంటివి పెట్టొచ్చు కదా" అన్నా. కాలిఫోర్నియాలో కూడా పోలీసులకి ఆ రోస్టర్ వర్తించదని, వాళ్ళు జాబితాలో లేనివి కూడా కొనుక్కోవచ్చని చెప్పా. నాన్న నవ్వాడు. "మా వాళ్ళ చేతుల్లోనే కదరా ఎక్కువ పేలేది."

అప్పుడు నాన్న ఒక పని చేసి చూపించాడు. చేతిలో తుపాకీ లేదు, టీవీ రిమోట్ ఉంది. మాగజైన్ తీసినట్టు తీశాడు. స్లైడ్ వెనక్కి లాగినట్టు లాగి, ఛాంబర్‌లోకి చూసినట్టు చూసి, చిటికెనవేలు పెట్టి తడిమినట్టు తడిమాడు. మళ్ళీ చూశాడు. రిమోట్ గోడ వైపే ఉంది, నా వైపుకి ఒక్కసారి కూడా తిరగలేదు. పదేళ్ళు రోజుకి రెండుసార్లు చేసిన పని. అమ్మ వంటింట్లోంచి చూసి, "మళ్ళీ మొదలెట్టినావా" అంది.

నా మెసేజ్ గుర్తొచ్చి సిగ్గేసింది. పాప ఉంది కాబట్టి ఇదే బెటర్ అని రాసినవాణ్ణి నేనే. మాగజైన్ లోపలే ఉంటే ఆ డిస్‌కనెక్ట్ ఎందుకూ పనికిరాదు. ఛాంబర్ గుర్తు మామూలు పెద్దవాళ్ళకి అర్థమైతే చాలని చట్టంలోనే ఉంది, నాలుగేళ్ళ పిల్ల అందులో లేదు. అలాగని ఆ రెండూ దండగ అనను. మామ కాలు నేను చూశాను కాబట్టి అస్సలు అనను. నేను చెప్పాల్సిన సగమే చెప్పాను, అంతే.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అందరం ఉన్నాం. అన్న అప్పటికే పరీక్ష పాసయ్యాడు. అక్కడ తుపాకీ కొనాలంటే ముందు ఫైర్‌ఆర్మ్ సేఫ్టీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ముప్ఫై ప్రశ్నలు, ఇరవై మూడు రైటవ్వాలి, ఫీజు 25 డాలర్లు. అన్న ముప్ఫైకి ముప్ఫై తెచ్చుకున్నాడు, జేఎన్‌టీయూ టాపర్ కదా. షాపులో డబ్బు కట్టేశాడు కూడా, రాష్ట్రం వేసే పదకొండు శాతం పన్నుతో కలిపి. ఇక పది రోజులు ఆగాలి, అది అందరికీ రూలు. ఎంఎస్‌కి వెళ్ళే సీనియర్లు ఒకటి గుర్తు పెట్టుకోండి. ఎఫ్1, హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులుంటే తప్ప తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. రూమ్మేట్‌ది చూద్దామని కూడా చేతిలోకి తీసుకోవద్దు.

వదిన అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నాన్న పలకరించాక అంది: "దొంగలొచ్చినప్పుడు మేం ఇంట్లోనే లేం కదా చిన్నాన్నా. తుపాకీ ఉండుంటే నగలతో పాటు అది కూడా తీసుకుపోయేవాళ్ళు."

అన్న ఏదో అనబోయి ఆగాడు. నాన్న అన్నని వద్దనలేదు, కొనమనీ అనలేదు. ఆయన అలా అంటాడేమోనని నేను ఎదురుచూశా. "ఎక్కడ పెడతావు నాయనా?" అని మాత్రం అడిగాడు.

"పక్కన డ్రాయర్‌లో. బయోమెట్రిక్ పెట్టె వస్తుంది, దాంట్లో."

"లోడ్ చేసా, చెయ్యకుండానా?"

అన్న వెంటనే చెప్పలేదు. లోడ్ చెయ్యకపోతే అర్ధరాత్రి ఎందుకు పనికొస్తుంది, లోడ్ చేస్తే పాప. వెనకాల పాప ఆయన భుజం ఎక్కి, ఫోన్‌లో మా నాన్నని చూసి, వేళ్ళతో తుపాకీలా పెట్టి "డిష్యూం తాతా" అంది. తాతయ్య పోలీసని ఎవరో చెప్పినట్టున్నారు. నాన్న చచ్చిపోయినట్టు సోఫాలో పక్కకి ఒరగలేదు. నా చిన్నప్పుడు కూడా ఎప్పుడూ ఒరగలేదు. "అట్లా చూపించకూడదు పాపా" అన్నాడు, మెల్లగా.

పది రోజులు గడిచాక ఇంకో రూలు ఉంది. కాగితాలు పెట్టిన రోజు నుంచి ముప్ఫై రోజుల్లోపు వచ్చి తీసుకోకపోతే ఆ కొనుగోలు రద్దవుతుంది, కావాలంటే మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాలి. అన్న పదో రోజు వెళ్ళలేదు. ఆఫీసులో పనుందన్నాడు. పదిహేనో రోజు అడిగితే వెనక తలుపుకి గట్టి అద్దం వేయించానని, కెమెరాలు పెట్టించానని చెప్పాడు, తుపాకీ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇది రాస్తున్న ఇవాళ్టికి ఇరవై రెండో రోజు. పొద్దున అన్న దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. మామ కాలు ఇప్పుడెట్లా ఉంది, నడవగలుగుతున్నాడా అని.