పిట్టల లెక్క

2023 అక్టోబరులో డల్లాస్‌లో ఉండే మా మిత్రుడొకడు సోఫాలోంచి లేవకుండానే తన లైఫ్ లిస్టులో ఒక కొత్త పక్షిని కలిపేసుకున్నాడు. ఎలాగంటారా? అప్పటిదాకా గేదెల వెనకాల తిరిగే తెల్లకొంగ (అదే, క్యాటిల్ ఈగ్రెట్) ప్రపంచమంతా ఒకటే జాతి. ఆ ఏడాది ఈబర్డ్ వాళ్ళు జాతుల జాబితాను అప్‌డేట్ చేస్తూ దాన్ని పశ్చిమ, తూర్పు అని రెండుగా విడగొట్టారు. వీడు టెక్సాస్‌లో చూసింది పశ్చిమపుది. ఎప్పుడో సెలవులకి వచ్చినప్పుడు కుసుమంచిలో ట్రాక్టరు దమ్ము చేస్తుంటే వెనకాలే పురుగులు ఏరుకుంటుంటే చూసింది తూర్పుది. మన భాషలో చెప్పాలంటే స్కీమా మారింది, పాత రికార్డుల్లో లొకేషన్ కాలమ్ చూసి డేటా మైగ్రేట్ చేశారు. వీడి కౌంటు ఒకటి పెరిగింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు :)

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జీవితంలో చూసిన పక్షి జాతులన్నీ వ్రాసుకునే జాబితా లైఫ్ లిస్టు. అందులోకి మొదటిసారి ఎక్కే పక్షి లైఫరు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఇద్దరు కలిస్తే "బాగున్నారా" కన్నా ముందు "ఎన్నయ్యాయి?" అని అడుగుతారు. ఫీబీ స్నెట్సింగర్ అనే అమెరికా ఆవిడకి 1981లో క్యాన్సర్ అని, ఇంక ఎన్నాళ్ళో లేదని చెప్తే, ఆవిడ బైనాక్యులర్స్ తీసుకుని లోకం మీద పడింది. ఎనిమిది వేల జాతులు దాటాక 1999లో మడగాస్కర్‌లో వాహన ప్రమాదంలో పోయింది. 2024 ఫిబ్రవరిలో పీటర్ కేస్నర్ ఫిలిప్పీన్స్‌లో పదివేలో జాతిని చూశాడు. గొప్ప విషయాలే, కాదనను. నాకు మాత్రం ఇవి చదివినప్పుడల్లా ఒక సందేహం వస్తుంటుంది. ఈ లెక్కలో ఆ పక్షిని చూపించినవాడు ఎక్కడ కనబడతాడు?

మన కలివికోడి సంగతే చూడండి. 1848 ప్రాంతంలో దీన్ని శాస్త్రలోకానికి చెప్పింది టి.సి. జెర్డన్. నెల్లూరులో డాక్టరుగా పనిచేసినాయన. అందుకే ఇంగ్లీషులో అది జెర్డన్స్ కోర్సర్. ఆయన పక్షుల పుస్తకాల్లో తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు, ఎవరో తెలుగువాడు చెప్తేనే కదా. దీనికి అప్పట్లో వ్రాసుకున్న పేరు 'అడవ ఉత తిత్తి' లాంటిదేదో. ఇంగ్లీషు స్పెల్లింగులోంచి అసలు తెలుగు మాటని బయటకి లాగటం, యూనికోడ్ రాకముందు ఫాంటుతో టైపు చేసిన ఫైలు తెరవటం లాంటిదే. అక్షరాలు వస్తాయి, మాట రాదు.

1900 తర్వాత ఆ పక్షి మళ్ళీ ఎవరికీ కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1980లలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప అడవుల్లో వెతికాడు, బొమ్మలు చూపించి ఊళ్ళవాళ్ళని అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుగులో ఒకదాన్ని పట్టుకున్నాడు. అది బతకలేదు, సొసైటీ సేకరణలోకి చేరింది. కానీ దానివల్లే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సివచ్చింది. ఎనభై ఏళ్ళకి పైగా ఎవరికీ దొరకనిది ఐతన్నకి ఒక్క రాత్రిలో దొరికిందంటే, ఆయనకి ఆ పొదలు ఎంత తెలిసి ఉండాలి! 2025 ఆగస్టులో కొందరు పరిశీలకులు దాని కూత రికార్డు చేశామన్నారు. విన్నదాన్ని లిస్టులో వేసుకోవచ్చా, కళ్ళతో చూస్తేనే లెక్కా అని మనవాళ్ళు గంటలు గంటలు వాదించుకుంటారు. నావరకు కూత వింటే చాలు. మా బాబాయి ఏ పిట్టనైనా చెవితోనే గుర్తుపడతాడు మరి.

మాది కుసుమంచి. ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్ళే దారిలో ఉంటుంది, కాకతీయుల నాటి గణపేశ్వరాలయం ఉన్న ఊరు. పక్కనే పాలేరు రిజర్వాయరు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు బాబాయిని గట్టు మీదికి తీసుకెళ్ళాను. నేను బైనాక్యులర్స్ ఫోకస్ చేసుకునేలోపే ఆయన "అవి నీటికాకులు, అటు లకుముకి, ఆ అరిసేది తీతువు" అని చకచకా చెప్పేశాడు. మీ లిస్టులో ఎన్ని ఉంటాయి బాబాయ్ అని అడిగితే "పిట్టల్ని లెక్కపెట్టుడేందిరా, గొర్లా అవి?" అన్నాడు. కాసేపాగి ఆయనే, "ముందు తీగెల మీద పాలపిట్టలు వరసగా కూసునేయి, ఇప్పుడేవీ?" అన్నాడు.

అక్కడ నాకు కాస్త దిగులు వేసింది. ఎందుకంటే ఆ మాటకి డేటా ఉంది. 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023' నివేదికలో 942 జాతులని చూశారు, 178 జాతులకి రక్షణ అత్యవసరమన్నారు. పాలపిట్టలు పన్నెండేళ్ళలో 30 శాతానికి పైగా తగ్గాయని, దాని స్థితిని మళ్ళీ అంచనా వేయాలని సూచించారు. తెలంగాణ రాష్ట్ర పక్షి! దసరా రోజు జమ్మి దగ్గరికి పోతూ పాలపిట్టని చూడాలని మన ఆచారం. అది ఎగురుతూ కనబడితేనే శుభం. నగరాల్లో కొందరు దాన్ని పంజరంలో పెట్టి, చూపించి డబ్బులు తీసుకుంటున్నారు. అది చట్టవిరుద్ధం, పైగా ఆ పిట్టకి ప్రాణాంతకం.

ఇంతకీ ఆ నివేదిక ఎక్కడినుంచి వచ్చింది? ముప్పైవేలమందికి పైగా మనలాంటివాళ్ళు వ్రాసిన మూడుకోట్ల రికార్డుల్లోంచి. లైఫర్ల కోసం పరిగెత్తేవాడు కాకిని, గోరింకని, పాలపిట్టని వదిలేస్తాడు, అవి ఎప్పుడో లిస్టులో ఎక్కేశాయి కాబట్టి. కానీ ఏ పక్షి తగ్గిందో తెలియాలంటే కనబడినవన్నీ వ్రాయాలి. అప్పుడే వ్రాయనిది నిజంగా కనబడలేదని అర్థమవుతుంది. ఎర్రర్లు మాత్రమే లాగ్ చేసి, సక్సెస్‌లు వదిలేస్తే ఎర్రర్ శాతం ఎలా లెక్కేస్తాం? ఇదీ అంతే. మన ఫీల్డువాళ్ళు తేలిగ్గా అర్థంచేసుకునే విషయమిది, ఆచరణలో మాత్రం అందరికన్నా ముందు మనమే కొత్త ఫీచర్ల వెంట పడతాం.

ఏటా ఫిబ్రవరిలో నాలుగురోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. పావుగంట నిలబడి కనబడినవన్నీ వ్రాస్తే చాలు. అపార్ట్‌మెంటు బాల్కనీ అయినా పర్వాలేదు.

ఆ రోజు గట్టు మీద నేను ఫోన్లో వ్రాసింది 23 జాతులు, నా లైఫ్ లిస్టుకి ఒక్కటీ కొత్తది కాదు. పాలపిట్టలు రెండు అని నొక్కబోతుంటే బాబాయి నా భుజం తట్టి, మోటరు స్తంభం వైపు చూపిస్తూ "మూడోది అదిగో, సక్కగా సూడరాదూ" అన్నాడు.