పాత కౌన్సిలర్ విలువ

గూడూరు లాంటి ఊళ్లో మూడు నాలుగు దఫాలు గెలిచిన కౌన్సిలర్‌ని చూసి "ఇంకా ఎన్నాళ్లు?" అనడం తేలిక. ఆ అనుభవాన్ని నేను ఊరి ఆస్తిగానే లెక్కేస్తాను. కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు ఏ వీధి నీరు ఏ కల్వర్టు కిందుగా పోవాలో, ఎక్కడ పూడిక తీయకపోతే ఇళ్లలోకి వస్తుందో ఫైళ్లలో దొరకదు. కమిషనర్లు బదిలీ అవుతారు, ఆ సంగతి తెలిసినవాడు వార్డులోనే ఉంటాడు. పైగా 2022 ఏప్రిల్‌లో గూడూరు తిరుపతి జిల్లాలో కలిసింది. అప్పుడు కలెక్టరాఫీసు తిరుపతికి మారినా చుట్టుపక్కల పల్లెలకు జిల్లా పరిషత్ మాత్రం పాత నెల్లూరుదిగానే ఉండిపోయింది. ఏ అర్జీ ఎక్కడ ఇవ్వాలో చెప్పే మనిషి అవసరం దాంతో ఇంకా పెరిగింది.

పాతుకుపోతే పెత్తనం వస్తుందన్న మాటను కొట్టిపారేయలేం. 1992 రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థల్లో ఆడవాళ్లకు, దళితులకు, గిరిజనులకు తలుపు తీశాయి, రిజర్వుడు సీట్ల రొటేషన్ అందులో భాగమే. అది ఉండాల్సిందే. అనుభవాన్ని నిజంగా చెరిపేసేది వేళకు ఎన్నికలు పెట్టకపోవడం. మన రాష్ట్రంలో 2013 తర్వాత పంచాయతీ ఎన్నికలు మళ్లీ 2021లో గానీ జరగలేదు, మధ్యలో స్పెషలాఫీసర్ల పాలన. రిజర్వుడు సీటులో గెలిచి పని నేర్చుకున్న మహిళకు రెండో అవకాశం ఇలాగే చేజారుతుంది. పెత్తనానికి మందు వార్డు సభలు, లెక్కల తనిఖీ. సీటు జనరల్ అయిందని ఆమెకు టికెట్టు నిరాకరించడం మాత్రం ఘోరమైన అన్యాయం.