కార్డు తీసేశాను బాబూ

2011లో నేను హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల వ్యవహారం చూసేవాణ్ణి. అప్పటి సంగతి ఒకటి ఇన్నేళ్ళుగా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఎప్పుడు చెప్పినా సాంకేతికమైన సగం చెప్పి, రెండో సగం మింగేసేవాణ్ణి. ఈరోజు రెండూ రాస్తున్నాను.

మా వార్డుల్లో నర్సుల బల్లల మీద ఉన్నవి మామూలు కంప్యూటర్లు కావు, థిన్ క్లయింట్లు. పుస్తకమంత పెట్టె, దానికొక తెర, ఒక కీబోర్డు, అంతే. పనంతా నేలమాళిగలో ఉన్న రెండు సర్వర్ల మీద జరిగేది. దాని ప్రతిబింబం మాత్రం వార్డులోని తెర మీద కనబడేది. ప్రతి నర్సుకూ ఒక సంకేతపదం ఇచ్చాం. మూడు నెలలకొకసారి మార్చుకోవాలన్నాం. ఫలితంగా వార్డుకొక సంకేతపదం స్థిరపడి, కీబోర్డు వెనుక అంటించిన ప్లాస్టరు ముక్క మీదకు చేరింది. ఏ మందు ఎవరిచ్చారో రికార్డులో ఉండేది గానీ, ఆ పేరును నమ్మడానికి లేకుండా పోయింది.

అందుకే స్మార్ట్ కార్డులు తెచ్చాం. మెడలో వేలాడే గుర్తింపు కార్డులోనే చిన్న చిప్పు. అందులో ఒక రహస్యపు తాళంచెవి ఉంటుంది. అది కార్డును విడిచి ఎన్నడూ బయటకు రాదు. సర్వరు ఒక ప్రశ్న పంపుతుంది. కార్డు లోపలే ఆ చెవితో సంతకం చేసి జవాబు పంపుతుంది. ఆ సంతకం ఫలానావారిదేనని ఒక ధ్రువపత్రం సాక్ష్యం చెబుతుంది. మనిషి చేయవలసిందల్లా కార్డు పెట్టి పిన్ను నొక్కడం. కార్డును చదివే పరికరం వార్డులో ఉన్నా, రిమోట్ డెస్క్‌టాప్ దాన్ని నేలమాళిగలోని సర్వరుకే తగిలించినట్టు భ్రమింపజేస్తుంది.

వినడానికి సులువే. చేయడానికి రెండు నెలలు పట్టింది. లోపలి బ్యాటరీ అయిపోయిన పెట్టెలు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏళ్ళ నాటి తేదీతో నిద్రలేచేవి. వాటి లెక్కన మా ధ్రువపత్రాలు ఇంకా పుట్టనే లేదు! తేదీ సరిగ్గా ఉన్నా, కెర్బెరోస్ అనే ద్వారపాలకుడు గడియారాల మధ్య ఐదు నిమిషాలకు మించిన తేడాను మామూలుగా ఒప్పుకోడు. అన్ని పెట్టెలకూ ఒకే గడియారాన్ని చూపించేసరికి ఆ గొడవ సద్దుమణిగింది.

ఇక మిగిలింది కార్డు తీస్తే ఏం జరగాలన్న ప్రశ్న. విండోసులో దీనికొక విధానం ఉంది. తీసినా ఏమీ జరగకపోవడం, తెరకు తాళం పడడం, పూర్తిగా లాగాఫ్ కావడం, రిమోట్ సెషన్ అయితే తెగిపోవడం - వీటిలో ఒకటి ఎంచుకోవాలి. మనమేమీ ఎంచుకోకపోతే ఏమీ జరగదు. నేను చివరిది ఎంచుకున్నాను. కార్డు తీస్తే తెర ఖాళీ అవుతుంది; ఇంకో వార్డులో పెడితే చేస్తున్న పని అక్కడ ఆగినచోటునుంచే తెరుచుకుంటుంది. నర్సులకు శిక్షణ ఇస్తూ నేను పదేపదే చెప్పిన మాట ఒకటుంది. "కార్డు తీసేస్తే చాలు. తెర వైపు చూడనక్కర్లేదు."

ఆ మాటను అందరికన్నా శ్రద్ధగా విన్నది మూడో అంతస్తు ఇన్‌చార్జి సిస్టరు. యాభై దాటిన మనిషి. కంప్యూటరంటే భయం. మొదటి వారంలో పిన్ను మూడుసార్లు తప్పు కొట్టి, కార్డు మూతపడితే కళ్ళనీళ్ళు పెట్టుకుని నా గదికి వచ్చింది. తెరిచి ఇచ్చాను. ఆ తర్వాత ఆమె తప్పు కొట్టగా నేను చూడలేదు.

ఒక మంగళవారం రాత్రి రెండు గంటలకు ఆమె వార్డులో ఒక రోగికి ఊపిరి అందలేదు. స్కానింగు కోసం అతన్ని కిందికి తీసుకువెళ్ళింది. పన్నెండు నిమిషాల తర్వాత, పక్క వరుస చూసే కొత్తమ్మాయి తన ఆరో నంబరు రోగికి ఇంజెక్షను ఇచ్చి, ఎదురుగా తెరిచి ఉన్న తెర మీద "ఆరు" ఎదుట ఇచ్చినట్టు నమోదు చేసింది. ఆ తెర సిస్టరుది, ఆ జాబితా సిస్టరు వరుసది. దాంతో సిస్టరు వరుసలోని ఆరో మంచం ముసలాయనకు రెండు గంటల యాంటీబయాటిక్ పడలేదు. ఇచ్చినట్టు రికార్డు ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు. తెల్లవారి ట్రేలో మిగిలిన మందు సీసా చూసి డాక్టరు పట్టుకున్నాడు. ఆలస్యంగానైనా మందు పడింది, ఆయన కోలుకున్నాడు. సిస్టరుకు మాత్రం మెమో వచ్చింది. కార్డు తీయకుండా స్థానం విడిచి వెళ్ళారు, సంజాయిషీ ఇవ్వండి అని.

బుధవారం సాయంత్రం ఆమె నా గదికి వచ్చింది. "కార్డు తీసేశాను బాబూ. నువ్వు చెప్పావు కదా, తీస్తే చాలని. తీసే వెళ్ళాను."

"చూస్తానమ్మా" అన్నాను. నమ్మి మాత్రం కాదు.

ఆ రాత్రి పదకొండు గంటలకు నా కార్డుతో రెండు సర్వర్లనూ పరీక్షించాను. మొదటిదాని మీద కార్డు తీయగానే తెర ఖాళీ అయింది. రెండోదాని మీద తీశాను. ఏమీ కాలేదు. మళ్ళీ పెట్టి తీశాను. తెర అలాగే వెలుగుతూ నన్ను చూస్తూంది.

కారణం కనుక్కోవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. విధానాన్ని ఎంచుకుంటే సరిపోదు. కార్డు తీయడాన్ని కనిపెట్టి చూసే సేవ ఒకటి విడిగా నడుస్తూండాలి. విండోస్ విస్టా కాలం నుంచీ ఇంతే. మొదటి సర్వరు మీద దాన్ని ఎల్లప్పుడూ దానంతటదే మొదలయ్యేలా అమర్చాను. రెండోదాని మీద పరీక్ష కోసం చేత్తో మొదలుపెట్టి, పని చేసిందని చూసి, అమర్చడం మరిచిపోయాను. ఆదివారం అప్‌డేట్ల కోసం రెండు సర్వర్లనూ ఆపి మళ్ళీ వేశాం. రెండోదాని కాపలాదారు మళ్ళీ లేవలేదు. కదలిక లేని తెరకు పదిహేను నిమిషాలకు తాళం పడే ఏర్పాటు ఉంది. కొత్తమ్మాయి పన్నెండో నిమిషానికే వచ్చింది.

సరిచేశాను. ఒక్క మౌసు నొక్కు. ఇక్కడివరకే ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చిన సగం.

సరిచేసిన తర్వాత కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను. ఇప్పుడు ఎవరు పరీక్షించినా కార్డు తీయగానే తెర ఖాళీ అవుతుంది. లాగుల్లోకి చూడడం తెలిసినవాణ్ణి ఆ ఆసుపత్రిలో నేనొక్కణ్ణే. ఆ నెలలోనే నాకు ఉద్యోగం ఖాయం కావలసి ఉంది. గురువారం సూపరింటెండెంటు గదిలో విచారణ జరిగింది. నన్ను పిలిచి, "తీస్తే తెర ఆగిపోతుంది కదా?" అని అడిగారు. "అలాగే అమర్చామండీ" అన్నాను. అది అబద్ధం కాదు. అంతకన్నా హీనమైనది. ఆమె నా వైపు చూడలేదు. తీసే ఉంటాననే అనుకుంటున్నాను అంది ఈసారి. తీసేశాను అన్న మనిషి, తన చేతిని తానే అనుమానించడం మొదలుపెట్టింది.

ఆ మాటే నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. శుక్రవారం ఉదయం లాగు కాగితాలు పట్టుకెళ్ళి సూపరింటెండెంటుకు అంతా చెప్పాను. మెమో వెనక్కి తీసుకున్నారు. నా ఉద్యోగం ఖాయం కావడం ఆరు నెలలు వాయిదా పడింది. అది న్యాయమే.

తర్వాత మూడో అంతస్తుకు వెళ్ళి ఆమెకు చెప్పాను. తప్పు నాదేనని, బుధవారం రాత్రే తెలిసిందని. ఆమె ట్రేలో సీసాలు సర్దుతూ విన్నది. కోప్పడలేదు.

"మరి నిన్న చెప్పలేదేం బాబూ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆమె కార్డు తీసి మెడలో వేసుకుని, తెర ఖాళీ అయ్యేదాకా నిలబడి చూసి, అప్పుడు మంచాల వైపు వెళ్ళింది. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఆమె అలా నిలబడి చూడడం మానలేదు.