కాగితము మీద రెండు సంతకాలు

మా వివాహమైన తరువాత ఏడేండ్లు "గొడ్రాలు" అనే మాటను మాలో ఒకరే మోశారు. ఊరికి పోతే, కొడుక్కి మారుమనువు చేద్దామన్న మాట కూడా చెవిన పడింది. పాతబస్తీలో మా అద్దె ఇంటి నుండి పనికి పోయేటప్పుడు, పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి ముందు పసిబిడ్డలను పొత్తిళ్ళలో పెట్టుకొని ఆటో ఎక్కేవారిని చూసి తల తిప్పుకొనేవారము.

మందులు, సూదులు, స్కానింగులు, ఉపవాసములు అన్నీ భార్యకే. చివరకు ఒక డాక్టరమ్మ, "మీ ఆయన పరీక్ష ఏదమ్మా?" అని అడిగారు. ఎవరూ అడగని ప్రశ్న! మొదట చేయవలసిన చిన్న పరీక్ష అది. వీర్యములో ఒక్క కణము కూడా లేదని తేలింది. రెండవసారీ అంతే. కొందరికి వృషణాల నుండి కణాలు తీయవచ్చునట. మాకు ఆ దారీ మూసుకొనిపోయింది.

అప్పుడు దాత వీర్యము సంగతి విన్నాము. దాతకు ఎయిడ్స్, కామెర్లు, సిఫిలిస్ పరీక్షలు చేసి, వీర్యమును బ్యాంకులో గడ్డకట్టించి ఉంచుతారు. అండము విడుదలయ్యే వేళకు సన్నని గొట్టముతో గర్భసంచిలోకి ఎక్కిస్తారు. 2021 చట్టము ప్రకారము దాతకు 21 నుండి 55 ఏండ్ల మధ్య వయస్సుండాలి. ఒక దాతది ఒక్క జంటకే ఇవ్వాలి. బిడ్డపై దాతకు ఏ హక్కూ లేదు, బిడ్డ ఆ దంపతులదే. ఇద్దరి సంతకాలూ కావాలి.

ఆ కాగితము పదిరోజులు బైబిలు కింద ఉండిపోయింది. ఒక పెద్దాయన ఇది వ్యభిచారమే అన్నారు. పరాయి మనిషి తాకని చోట వ్యభిచారమెక్కడిదో మాకు బోధపడలేదు. కాపరిగారు చేయమనలేదు, వద్దనలేదు. మత్తయి సువార్తలో వంశావళి యోసేపు వరకే వచ్చిందనీ, బిడ్డకు పేరు పెట్టినదీ ఆయనేననీ చెప్పి, ప్రార్థించి వెళ్ళారు. ఆ రాత్రి మొదటి సంతకము భర్తదే.

మూడవ ప్రయత్నములో దేవుడు మాకు పాపను దయచేశాడు. ఇప్పుడిప్పుడే మాటలు వస్తున్నాయి. నాయనమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకొని, "అచ్చము తాత ముక్కే" అని మురిసిపోతుంది. మేము ఒకరి ముఖము ఒకరము చూసుకొంటాము. పాపకు మాత్రము మా నోటనే, బడికి పోకముందే చెప్పాలనుకొన్నాము. నాయనమ్మకు చెప్పడమే ఇంకా చేతకాలేదు.